పెద్దబాబా నాటిన కంపచెట్టు

దర్గా మెట్ల మీద నిలబడి గట్టిగా రాయి విసిరితే గుండ్లేటిలో పడుతుంది. అంత దగ్గర. అయినా ఆ మెట్ల మీదనుంచి ఏటిని చూసి చాలా ఏళ్ళయింది. మధ్యలో సర్కారు తుమ్మ. ఒడ్డు పొడుగునా కుక్క కూడా దూరలేనంత చిక్కగా కంప అల్లుకుపోయింది. వానాకాలంలో నీళ్ళ చప్పుడు వినిపించేది గాని నీళ్ళు కనిపించేవి కావు.

మౌలాలి బాధ అదే.

మౌలాలి దావల్ బాబాకు శిష్యుడు. దావల్ బాబా ఆ దర్గాలో సమాధి అయిన పెద్దబాబాకు శిష్యుడు. పెద్దబాబా పోయిన కొత్తలో ఆయన పేరున ఏటా జరిగే ఉరుసుకు గంధం ఏటినీళ్ళతోనే తీసేవారు. శిష్యుడు రేవు మెట్లు దిగి కడవ ముంచుకొచ్చేవాడు. ఆ నీళ్ళు చల్లుతూ సానమీద చందనపు చెక్క అరగదీసేవాడు. ఆ గంధం గిన్నెను నెత్తిన పెట్టుకొని తాషా డప్పుల మోతతో ఊరేగేవాడు. కంప పెరిగి రేవు మూసుకుపోయాక బోరు కుళాయే గతి అయింది. కుళాయి తిప్పి కడవ నింపే ప్రతిసారీ మౌలాలి ప్రాణం చివుక్కుమనేది. ఏటిని పక్కన పెట్టుకొని గొట్టం నీళ్ళతో గంధమా అనుకునేవాడు.

అందుకే ఈ సెలవుల పని మొదలుపెట్టించాడు.

కొందరు సెలవులకు ఊటీ పోతారు. కొందరు అత్తగారింటికి పోతారు. దసరా సెలవుల్లో గుండ్లేటికి వచ్చేవాళ్ళు మాత్రం ముళ్ళు గుచ్చించుకోవడానికి వస్తారు. నంద్యాలలో చెట్లూ పిట్టలూ అంటూ తిరిగే ఒక చిన్న సంఘం ఉంది. వాళ్ళు మనుషుల్ని పోగుచేసి పంపుతారు. కాలేజీ పిల్లలు, టీచర్లు, బ్యాంకు ఉద్యోగం విరమించిన పెద్దాయన, హైదరాబాదునుంచి కొత్తగా పెళ్ళయిన జంట. దర్గా సత్రంలో పడుకుంటారు, రాగిసంకటి తింటారు, పొద్దున లేచి ఎండ ముదిరేదాకా కంప తీస్తారు. ఎవరూ కూలి అడగరు. ఇంటికి పోయేటప్పుడు చేతుల మీద గీతలు ఒకరికొకరు చూపించుకొని సంబరపడతారు. అదొక పిచ్చి. ఆ పిచ్చి ఉన్నవాళ్ళు కొంతమంది ఉండబట్టే కొన్ని పనులు జరుగుతాయి.

మొదటి ఏడాది వాళ్ళు కంపను నేలమట్టంగా నరికి, ఫోటోలు దిగి పోయారు. మరుసటి ఏడు వచ్చి చూస్తే నరికిన ఒక్కొక్క మోడునుంచి గుత్తిగా కొమ్మలు లేచి నిలబడి ఉన్నాయి. తుమ్మను పైన నరకడమంటే దానికి క్షవరం చేయడమేనని అప్పుడు తెలిసింది. దుబ్బు చుట్టూ తవ్వి, వేరుముడి ఊడబెరికితేనే అది చస్తుంది. అప్పటినుంచి నరికేవాళ్ళు కొందరు, తవ్వేవాళ్ళు కొందరు, కంపను పంగలకర్రలతో ఈడ్చేవాళ్ళు కొందరుగా పని పంచుకున్నారు.

ఈ ఏడు ఉరుసు సరిగ్గా సెలవుల చివర్లో పడింది. పని మొదలైన రోజు సాయంత్రం అందరూ వరసగా కూర్చొని సంకటి తింటుంటే మౌలాలి లేచి నిలబడ్డాడు.

"ఈ ఉరుసుకు గంధం ఏటినీళ్ళతోనే తీస్తా. కుళాయి నీళ్ళు ముట్టను. రేవు తెరవలేకపోతే ఇంక నా నెత్తిన గంధం గిన్నె పెట్టొద్దు. పెద్దబాబా సాక్షిగా చెప్తాండా" అన్నాడు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. దావల్ బాబా పళ్ళెంలోంచి తలెత్తి, "మంచిది" అన్నాడు. తర్వాత ఇంకొంచెం పులుసు పోయమన్నాడు.

మౌలాలి పనిమంతుడు. ఆ మాట ఒప్పుకోవాలి. ఇద్దరు తవ్వలేని దుబ్బు ఒక్కడే తవ్వి అవతల పారేసేవాడు. ముల్లు దిగితే పళ్ళతో పీకి ఉమ్మేసి మళ్ళీ పార పట్టేవాడు. ఎగువనుంచి కొందరు, దిగువనుంచి కొందరు రేవు వైపుకు తీసుకుంటూ వచ్చారు. ముక్కలు ముక్కలుగా ఏరు బయటపడసాగింది. ఒకరోజు పొద్దున బ్యాంకు పెద్దాయన తన వరసలో చివరి దుబ్బు ఈడ్చేసరికి ఎదురుగా నీళ్ళమీద ఎండ పడి కళ్ళు జిగేలుమన్నాయి. ఆయన పార కింద పడేసి చిన్నపిల్లాడిలా కేకేశాడు. ఆ కేకకు ఏటి మధ్యలో నిలబడ్డ కొంగలు లేచిపోయాయి.

పని సాగుతున్నకొద్దీ మౌలాలి నడక మారింది. శిష్యుడికి గర్వం వస్తే ముందు తెలిసేది నడకలోనే. చేతులు వెనక్కి కట్టుకొని ఒడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూ, "ఇది నా పట్టుదల" అని వినేవాళ్ళకూ విననివాళ్ళకూ చెప్పడం మొదలుపెట్టాడు. దావల్ బాబా వేపపుల్లతో పళ్ళు తోముకుంటూ ఆ నడక చూశాడు.

రెండు జట్లూ రేవు దగ్గర కలుసుకున్నాయి. అక్కడ పని ఆగిపోయింది.

ఆ ఒడ్డంతా నిట్టనిలువు గోడ. నీళ్ళలోకి దిగడానికి దారి రేవు ఒక్కటే. ఆ రేవు నెత్తిన, సరిగ్గా మొదటి మెట్టు ఉండాల్సిన చోట, ఒక పెద్ద తుమ్మచెట్టు నిలబడి ఉంది. మొదలు రోలంత లావెక్కి మెట్టును కప్పేసింది. దాని చుట్టూ పచ్చబట్టలు, జరీ అంచు గుడ్డలు, మొక్కుల దారాలు. కింద అగరవత్తుల బూడిద. అది పెద్దబాబా తన చేత్తో నాటిన చెట్టు.

పెద్దబాబా ఈ ఒడ్డుకు వచ్చిన కొత్తలో ఇక్కడ గడ్డిపరక లేదట. ఎండాకాలం గాలికి ఇసుక లేచి వంటకుండల్లో పడేదట. పొయ్యిలోకి పుల్ల దొరికేది కాదు. సర్కారువాళ్ళు ఊరూరా తుమ్మ విత్తనాలు పంచితే పెద్దబాబా ఒకటి తెచ్చి రేవు మెట్టు పక్కన నాటి, నమాజుకు కాళ్ళూ చేతులూ కడుక్కున్న నీళ్ళు పోసి పెంచాడు. ముసలితనంలో ఆ చెట్టుకే వీపు ఆనించి కూర్చునేవాడు. ఈ కథ మౌలాలి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. అందులో నటన లేదు. ఎన్నడూ చూడని పెద్దబాబాను అతను ఆ చెట్టులోనే చూసుకున్నాడు.

జట్టులో ఇందుమతి అని ఒక డ్రిల్లు టీచరు ఉంది. మెళ్ళో ఈల, నెత్తిన టోపీ, మనసులో ఏముంటే నోట్లో అదే. ఆమె చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"మౌలాలన్నా, దీనిదెప్పుడు?" అంది.

"దేనిది?"

"ఈ చెట్టుది. కింద చూడు, కాయలు ఎట్ల రాలినాయో. మేకలు తింటాయి, ఒడ్డంతా తిరిగి పెంటికలేస్తాయి. పోయినేడు మనం తవ్విన చోటికి పోయి చూసొచ్చినా. ప్రతి పెంటికల కుప్పలో మొలకలే. అన్నీ తీసి దీన్ని ఇడ్సిపెడితే, మనం ప్రతి ఏడూ దీని పిల్లల్ని పీకుతా కూర్చోవాల్సిందే."

మౌలాలి ముఖం ఎర్రబడింది.

"టీచరమ్మా, నోరు జాగ్రత్త. అది చెట్టు కాదు. పెద్దబాబా చెయ్యి."

"చెయ్యి అయితే దారికి అడ్డం పెడతాడా?"

ఆ మాటకు ఒకరిద్దరు నవ్వారు. మౌలాలి పార విసిరేసి వెళ్ళిపోయాడు. కాసేపటికి తిరిగొచ్చి, చెట్టుకు పక్కగా దారి తీద్దామని చెప్పాడు. కుడి పక్క నేల కోసుకుపోయి లోయలా ఉంది. ఎడమ పక్క నల్లబండ. బండ పగలగొడదామన్నాడు.

అక్కడినుంచి పని పనిలా లేదు. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచేవి తప్ప బండ కదిలేది కాదు. సమ్మెట దెబ్బలకు చేతులు తిమ్మిరెక్కేవి. హైదరాబాదు కుర్రాడి అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. అతని భార్య గుడ్డ చుట్టింది, అతను మళ్ళీ సమ్మెట ఎత్తాడు. పొద్దంతా కొడితే పళ్ళెమంత పెచ్చు ఊడింది. ఉరుసు ముంచుకొస్తోంది. కొందరు సంచులు సర్దుకోవడం గురించి మాట్లాడుకున్నారు. ఇందుమతి మాత్రం మారు మాట్లాడకుండా బండ కొడుతూనే ఉంది. ఆమె అలా నోరు మూసుకొని కొట్టడం మౌలాలిని ఇంకా మండించింది.

సాయంత్రం అతను దావల్ బాబా దగ్గరికి పోయాడు. బాబా చాప మీద కూర్చొని టీ తాగుతున్నాడు.

"బాబా, నా మొక్కు దక్కేటట్టు లేదు. బండ పగలడం లేదు. ఆ టీచరమ్మకు నమ్మకం లేదు, ఆమెను చూసి తక్కినోళ్ళకూ చేతులు ఆడటం లేదు. మీరొక మాట చెప్పండి. పెద్దబాబా చెట్టంటే ఏందో వాళ్ళకు తెలియజెప్పండి."

"ఏమని చెప్పాల?"

"ఆయన చేత్తో నాటింది పవిత్రమని. దాన్ని మనం కాపాడుకోవాలని."

బాబా టీ చివరిదాకా తాగి గ్లాసు బోర్లించాడు.

"రేపు పొద్దున చెప్తాలే. అందర్నీ చెట్టు దగ్గరికి రమ్మను" అన్నాడు.

మౌలాలి ఆ పూట కడుపునిండా తిన్నాడు. గురువు తన పక్షానే మాట్లాడబోతున్నాడని ఇందుమతికి వినబడేలా నలుగురికి చెప్పాడు.

మర్నాడు పొద్దున అందరూ వెళ్ళేసరికి బాబా అప్పటికే చెట్టు కింద గొంతుక్కూర్చొని ఉన్నాడు. రాలిన కాయలు ఒక్కొక్కటీ ఏరి భుజం మీది తువ్వాల్లో వేసుకుంటున్నాడు. పసుపుపచ్చగా పండిన తియ్యటి కాయలు. తువ్వాలు నిండాక మూటకట్టి, మోకాళ్ళు పట్టుకొని లేచాడు. మౌలాలిని పిలిచి మూట చేతిలో పెట్టాడు.

"ఇది పెద్దబాబా ప్రసాదంరా. ఆయన చెట్టు కాయలు. తీసుకపోయి, మీరు బాగుచేసిన ఒడ్డు మీద ఈ చివరినుంచి ఆ చివరిదాకా చల్లిరా."

మౌలాలికి సరిగా వినబడలేదేమో అనిపించింది. "ఏం చేయమంటిరి బాబా?"

"చల్లిరమ్మంటి. పిడికెడు పిడికెడు చల్లు. ఒక్క కాయ కూడా మిగలగూడదు."

బ్యాంకు పెద్దాయన తన చేతుల వైపు చూసుకున్నాడు. ఇందుమతి ఏదో అనబోయింది. బాబా ఆమె వైపు చూసి నవ్వాడు. ఆమె ఆగిపోయింది.

గురువు మాట మీరడం మౌలాలికి తెలియదు. మూట తీసుకొని నడిచాడు. తక్కినవాళ్ళు దూరంగా వెంట నడిచారు.

ఒడ్డు బాగుంది. నిజంగా చాలా బాగుంది. తవ్విన గుంటలు పూడ్చి చదును చేసిన చోట నేల ఎర్రగా, మెత్తగా ఉంది. రాత్రి కురిసిన జల్లుకు అప్పుడే సన్నగడ్డి తల ఎత్తుతోంది. ఎవరిదో గొర్రెలమంద ఎన్నో ఏళ్ళ తర్వాత అక్కడికి వచ్చి, నీళ్ళు చూసి ఆశపడి, దిగే దారి లేక ఒడ్డు అంచున నిలబడి అరుస్తోంది. మౌలాలి మూట విప్పాడు. పిడికెడు కాయలు తీసి చెయ్యి చాచాడు.

చెయ్యి చాచాడు గాని పిడికిలి తెరుచుకోలేదు.

ఈ నేలలోంచి తీసిన దుబ్బులన్నీ కళ్ళముందు తిరిగాయి. ఈ చోటే ఆ పెద్దాయన పాదంలో ముల్లు విరిగింది. అదుగో, అక్కడ ఇందుమతి పొద్దున్నుంచి మధ్యాహ్నందాకా ఒకే దుబ్బుతో కుస్తీ పట్టింది. అది ఊడి వచ్చినప్పుడు వెల్లకిలా పడి, పడీ పడీ నవ్వింది. ఇప్పుడు తన పిడికిట్లో ఉన్నది ఈ ఒడ్డంతా మళ్ళీ కంప. వచ్చే ఏటి కంప, ఆ పై ఏటి కంప. తను ఇన్నాళ్ళూ అగరవత్తులు వెలిగించి పెంచినది.

మౌలాలి ఏడ్చాడు. అందరి ముందూ, దాచుకోకుండా ఏడ్చాడు. పిడికిట్లో కాయలు మళ్ళీ మూటలో వేసుకొని వెనక్కి వచ్చాడు.

"చల్లలేను బాబా" అన్నాడు.

"ఎందుకురా? పెద్దబాబా చెయ్యి అంటివి గదా?"

మౌలాలి మూట తీసుకొని నేరుగా వంటసాలకు నడిచి, సంకటి ఉడుకుతున్న పొయ్యిలో కాయలన్నీ కుమ్మరించాడు. అవి చిటపటలాడి మండేదాకా అక్కడే నిలబడ్డాడు. ఖాళీ తువ్వాలు దులిపి తెచ్చి బాబా భుజం మీద వేశాడు. తర్వాత చెట్టు దగ్గరికి పోయి, వంగి మొదలుకు నుదురు ఆనించి సలాం చేశాడు. లేచి పైనున్న పచ్చబట్ట ముడి విప్పాడు.

దాని కింద ఇంకొకటి. దాని కింద ఇంకొకటి. మౌలాలి ఒక్కొక్కటే విప్పి మడిచి ఇందుమతి చేతికి ఇచ్చాడు. ఆమె టోపీ తీసేసి రెండు చేతులతో అందుకుంది. మొక్కుల దారాలు తెగకుండా విప్పి ఒక బుట్టలో వేశారు. వాటిని సమాధి కిటికీ కమ్మీలకు కట్టమని బాబా చెప్పాడు. చివరికి అన్నిటికంటే కింద ఒక పాత గుడ్డ మిగిలింది. ఒకప్పుడు ఆకుపచ్చగా ఉండేదేమో, ఇప్పుడు మట్టిరంగుకు తిరిగింది. చెట్టు లావెక్కుతూ ఆ గుడ్డను సగం తన బెరడులోకి మింగేసింది. ముడి రాయిలా బిగుసుకుపోయింది. మౌలాలి గోళ్ళతో గీరాడు, పళ్ళతో లాగాడు. రాలేదు. ఎవరో కొడవలి అందించారు.

"వద్దు" అన్నాడు బాబా. మెల్లగా వచ్చి మౌలాలి భుజం మీద చెయ్యి వేశాడు. "జరుగు. ఆ ముడి నాది."

అందరూ తప్పుకున్నారు.

"పెద్దాయన్ను మట్టిలో పెట్టిన పొద్దు కట్టినా" అన్నాడు బాబా.

బాబా ముడి మీద నీళ్ళు చల్లి, వేలితో నిమిరి, మళ్ళీ చల్లాడు. ఒక పోగు తర్వాత ఒక పోగు లాగాడు. ఎండ చుర్రుమంటోంది. ఎవరూ కదల్లేదు, ఎవరూ సాయం రాలేదు. ముడి వదులైనప్పుడు బాబా నోటినుంచి చిన్న నిట్టూర్పు వచ్చింది. బెరడులోంచి గుడ్డ లాగి, కళ్ళకద్దుకొని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత చెయ్యి చాచి గొడ్డలి అడిగాడు. ఒక్క దెబ్బ వేశాడు. పెద్ద దెబ్బేమీ కాదు, గోరంత పెచ్చు లేచింది. గొడ్డలి మౌలాలికి అందించి పక్కకు పోయి రాతి మీద కూర్చున్నాడు.

ఇక ఆ రోజు గుండ్లేటి ఒడ్డున జరిగిన పని చూసి తీరాల్సింది!

మౌలాలి చొక్కా విప్పి అవతల పారేశాడు. అతను అలిసినప్పుడు హైదరాబాదు కుర్రాడు, అతను అలిసినప్పుడు ఇందుమతి. గొడ్డలి చేతులు మారిందే గాని ఆగలేదు. చెట్టు కెవ్వుమని విరిగి ఏటి వైపు ఒరిగినప్పుడు దర్గా గోడలు అదిరాయి. ఆ అదురుకు ఊళ్ళోంచి జనం పరిగెత్తుకొచ్చారు. పెద్దబాబా చెట్టు పడిందని తెలిసి కొందరు దగ్గరికి రాకుండా దూరంగానే నిలబడ్డారు. రాతి మీద కూర్చున్న దావల్ బాబాను చూశాక వాళ్ళూ పారలు పట్టారు.

అసలు పని మొదలులో ఉంది. చుట్టూ నడుములోతు తవ్వారు. వేళ్ళు మనిషి తొడంత ఉన్నాయి, నాలుగు దిక్కులకూ పాకాయి. పక్క వేళ్ళు నరికారు. ఊరివాళ్ళు లారీలకు కట్టే మోకు తెచ్చారు. దుబ్బుకు మూడు చుట్లు చుట్టి, అందరూ రెండు వరసల్లో నిలబడ్డారు. కాలేజీ పిల్లలు, గొర్రెలకాపరులు, బ్యాంకు పెద్దాయన, పెళ్ళికూతురు. ముందర మౌలాలి.

ఇందుమతి గుంట గట్టెక్కి నిలబడి ఈల నోట్లో పెట్టుకుంది. "నేను ఈల వేస్తే లాగాల. ఆపితే ఊపిరి పీల్చుకోవాల. ఎవరన్నా తొందరపడితే ఎండలో నిలబెడతా!" అంది. పిల్లలు నవ్వారు. మౌలాలి కూడా నవ్వాడు.

ఈల మోగింది. "హైలెస్సా!"

మోకు బిగుసుకుంది. దుబ్బు కదల్లేదు.

మళ్ళీ ఈల. "హైలెస్సా!"

నేలలో ఎక్కడో లోపల ఒక వేరు ఫట్టుమంది. ఆ చప్పుడు వినగానే జనానికి పిచ్చెక్కింది. ఊళ్ళో తాషాలు వాయించేవాళ్ళు గంధం రోజుదాకా ఆగలేక అప్పుడే పరిగెత్తి తాషాలు తెచ్చి మోగించారు. ఆ మోతలో ఈల, ఈల మీద కేకలు. కాళ్ళు మట్టిలో కూరుకుపోయాయి, చేతులు మండిపోయాయి. దుబ్బు ఒక పక్కకు ఒరిగింది, ఆగింది, మూలిగింది. ఒక్కసారిగా మట్టినీ రాళ్ళనూ ఎగజిమ్ముతూ వేళ్ళతో సహా పైకి లేచి వచ్చేసింది. మోకు పట్టుకున్నవాళ్ళంతా వెనక్కి ఒకరి మీద ఒకరు పడ్డారు. పడ్డవాళ్ళు లేవకుండా పడుకునే కేకలు వేశారు. ఇందుమతి ఈల నోట్లోంచి జారిపోయింది. ఆమె గుంటలోకి దూకి మౌలాలి చెయ్యి పట్టి లేపి, "సాధించినావన్నా!" అని అరిచింది.

"నేను కాదు తల్లీ" అన్నాడు మౌలాలి.

గుంటలోంచి మట్టి తోడేసరికి రేవు మొదటి మెట్టు బయటపడింది. వేరు దాన్ని పక్కకు నెట్టేసింది గాని విరగ్గొట్టలేదు. దాని కింద రెండోది, మూడోది. ఊరి ఆడవాళ్ళు చీపుర్లు తెచ్చి మెట్టు మెట్టూ ఊడ్చుకుంటూ దిగారు. సాయంత్రానికి చివరి మెట్టును తాకుతూ నీళ్ళు కనిపించాయి. దర్గా మెట్ల మీద నిలబడి చూస్తే తిన్నగా ఎదురుగా గుండ్లేరు, ఒడ్డునుంచి ఒడ్డుదాకా, ఎండపొడలో మెరిసిపోతూ. చాలామంది అలా నిలబడిపోయారు. మొదట దిగింది గొర్రెలు. వాటిని ఆపడం ఎవరివల్లా కాలేదు.

పెద్దబాబా చెట్టు ముక్కలై ఉరుసు వంటపొయ్యిల్లోకి పోయింది. మంచి కట్టె, నిలకడగా మండింది. చుట్టుపక్కల ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళంతా ఆ పొయ్యిల మీద ఉడికిన అన్నమే తిన్నారు. సెలవులకు వచ్చినవాళ్ళలో ఒక్కరూ సంచి సర్దలేదు.

గంధం రోజు పొద్దు వాలుతుండగా మౌలాలి కడవ భుజాన పెట్టుకొని రేవు దిగాడు. తాషాలు, జెండాలు, పిల్లలు మెట్ల మీదే ఆగిపోయారు. దావల్ బాబా మాత్రం మౌలాలి మోచెయ్యి పట్టుకొని ఒక్కొక్క మెట్టూ దిగి, మోకాటిలోతు నీళ్ళలోకి వచ్చి నిలబడ్డాడు. ఆ కాళ్ళకు ఏటినీళ్ళు తగిలి ఎన్నేళ్ళయిందో! బాబా కళ్ళు మూసుకున్నాడు. ఆయన ముఖం చూసి మౌలాలి గుండె నిండిపోయింది. కడవ ముంచాడు. నీళ్ళు గుడగుడమంటూ నిండాయి.

కడవ ఎత్తబోయి ఆగాడు. ఇన్ని రోజులూ అడగలేక దాచుకున్న మాట ఒకటి గొంతులో ఉంది.

"బాబా, పెద్దబాబా ఈ పొద్దు ఉండుంటే ఏమనేవారు?"

బాబా వంగి దోసెడు నీళ్ళు ముఖాన చల్లుకున్నాడు. గడ్డంలోంచి నీళ్ళు కారుతుండగా నవ్వాడు.

"'ఇంత ఆలస్యం చేసినావేందిరా' అని తిట్టేవాడు. నిన్ను కాదులే. నన్ను."